649 రూపాయల స్కానరు, మొగిలి ఘాట్లో పోయిన పవరు

ఇది బండికి తగిలిస్తే ఇంజన్ కంప్యూటరు చెప్పే తప్పుల కోడ్లూ నంబర్లూ ఫోన్లో చూపించే బ్లూటూత్ స్కానరు మీద రివ్యూ. నీలం ప్లాస్టిక్ డబ్బీ, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది, 649 రూపాయలు. ఆన్‌లైన్లో దాని కింద ఇప్పటికే వందల రివ్యూలున్నాయి. సగంమంది "సూపర్" అని ఒక్క ముక్క రాసి పోయారు, మిగతా సగం "కనెక్ట్ కావడం లేదు, చెత్త" అన్నారు. దాన్ని తగిలించి ఘాటెక్కి, వచ్చిన నంబర్లు చూసి, దాంతో ఏం తేల్చుకున్నారో ఒక్కరూ రాయలేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

నాది సొంత పికప్పు. 2018 మోడల్, రెండున్నర లీటర్ల టర్బో డీజిల్ (టర్బో అంటే ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో ఊదే పంకా), కాలుష్య నిబంధనల లెక్కలో బీఎస్4. కంపెనీ పేరు రాయను, ఈ తిప్పలు ఏ కంపెనీ బండికైనా వస్తాయి. మదనపల్లె మండీలో టమోటా ఎత్తుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు, రాణిపేట దాటి మద్రాసు కోయంబేడు మార్కెట్‌కు పోతాను. ఈ రూట్లో ఒక తమాషా ఉంది. లోడు మీద పోయేటప్పుడు ఘాట్ దిగుడు, ఖాళీ క్రేట్లతో వచ్చేటప్పుడు ఎక్కుడు. అంటే ఇంజన్లో ఏదైనా నీరసం ఉంటే మదనపల్లెలో బయటపడదు, కోయంబేడులోనూ బయటపడదు. తిరుగు లోడు దొరికిన రోజున మొగిలి దగ్గర పట్టిస్తుంది.

ఆ రోజు మద్రాసు నుంచి టైల్స్ పెట్టెలు, ఒక టన్ను పైన. బంగారుపాళ్యం దాటి ఎక్కుడు మొదలైంది. మూడో గేరులో నిండుగా తొక్కితే ఎప్పుడూ అందుకునే బండి, ఎవరో వెనక డోరు పట్టుకుని లాగుతున్నట్టు ఆగిపోతోంది. అద్దంలో చూస్తే నల్ల పొగ. మీటర్లో ఇంజన్ బొమ్మ పసుపుగా వెలిగింది. రెండో గేరు. ముల్లు ఇరవై దాటడం లేదు. వెనకాల కర్ణాటక లారీ హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

పక్కకు తీసి ఆపాను. టెంపరేచరు మామూలే, ఆయిల్ ఉంది, బెల్టులు ఉన్నాయి. చేసేదేమీ లేక మళ్ళీ కీ వేస్తే, ఏమీ కానట్టు లాగింది! రెండు కిలోమీటర్లు బాగా పోయి మళ్ళీ అదే. పలమనేరు చేరేలోపు నాలుగుసార్లు ఆపి కీ తీసి వేశాను. ఇంజన్‌కి దెబ్బ తగలకుండా కంప్యూటరే పవరు కోసేస్తుందని, కీ తీసి వేస్తే కాసేపు ఊరుకుంటుందని, దాన్ని లింప్ మోడ్ అంటారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం గాలీ ధూళీ ఏదో సోకిందనే అనుకున్నా.

మండీలో ఇలాంటి సంగతి నోరు జారితే పదిమంది డాక్టర్లు తయారు. డీజిల్లో నీళ్ళన్నాడొకడు. పంపు పోయిందన్నాడొకడు. సైలెన్సర్లో ఎలుక గూడు పెట్టిందన్నాడు ఇంకొకడు, అదీ నవ్వకుండా. నేను నీళ్ళ మాట నమ్మి డీజిల్ ఫిల్టర్ మార్చాను, 1,100 రూపాయలు. పాత ఫిల్టర్ అడుగున ఒక చెంచాడు నీళ్ళున్న మాట నిజమే. దాంతో దొంగ దొరికాడనుకుని, ఖాళీ బండిని బైపాస్ మీద తోలి చూసి, "సెట్ అయిపోయింది" అని అందరికీ చెప్పుకున్నా. ఖాళీ బండి, చదును రోడ్డు! ఆ టెస్టులో ఏ రోగమూ కనపడదు. రెండో రోజే మళ్ళీ పొగ.

అప్పుడు పోయాను సర్వీస్ సెంటరుకు. ఏ ఊళ్ళోదో, ఎవరిదో అనవసరం. ల్యాప్‌టాప్ తగిలించారు, ఐదు నిమిషాల్లో తేల్చేశారు.

"టర్బో పోయింది సార్."

"ఇప్పి చూసినారా?"

"కోడ్ చెబుతోంది కదా సార్."

ఎస్టిమేట్ 46,000, కూలితో కలిపి. టమోటా ధర పడిపోయి ఉన్న రోజులు. పది ట్రిప్పులు కొట్టినా చేతిలో అంత మిగలదు. ఇంట్లో అడిగి చెబుతానని బండి వెనక్కి తెచ్చుకున్నా. వచ్చేముందు ఆ కోడ్ ఏమిటో రాసివ్వమంటే జాబ్‌కార్డు వెనక గీకి ఇచ్చారు: పీ 0299.

మా మేనల్లుడు ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండో సంవత్సరం. ఆ చీటీ చూసి, "మామా, ఇది టర్బో పోయిందని కాదు. గాలి ప్రెషరు రావాల్సినంత రావడంలేదని, అంతే" అన్నాడు. ప్రెషరు రాకపోవడానికి టర్బో ఒక కారణం. గాలి ఫిల్టర్ మూసుకుపోవచ్చు, పైపు చీలొచ్చు, టర్బోని ఆడించే వ్యాక్యూమ్ గొట్టం ఊడొచ్చు, చివరికి ప్రెషరు కొలిచే సెన్సారే అబద్ధం చెప్పొచ్చు. జ్వరం వచ్చిందంటే టైఫాయిడే అని తేల్చేసినట్టుంది వీళ్ళ పని. ఆ మాటమీదే వాడు ఈ డబ్బీ ఆర్డరు పెట్టాడు.

ఇక డబ్బీ సంగతి. స్టీరింగ్ కింద పదహారు రంధ్రాల సాకెట్ ఉంటుంది, దానికి తగిలించాలి. నా బండిలో సరిగ్గా మోకాలి దగ్గర పొడుచుకొస్తుంది. క్లచ్ తొక్కి కాలు తీసిన ప్రతిసారీ తగులుతుంది, రెండుసార్లు ఊడిపోయింది కూడా. ఫోన్లో బ్లూటూత్ కలిపేటప్పుడు పిన్ అడిగితే 1234. ఆండ్రాయిడ్ ఫోనైతేనే తీసుకోండి. ఐఫోన్‌కి ఈ రకం కలవదు, దానికి వేరే రకం దొరుకుతుంది. కింద ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళలో కొందరి గొడవ ఇదే అయ్యుంటుంది.

డబ్బీ మీద ఎల్మ్ 327 అని ఉంటుంది. అది కెనడా కంపెనీ ఒకటి చేసిన చిప్పు పేరు. ఆ కంపెనీ 2022లోనే మూతపడింది. మన చేతికొచ్చే ఐదారొందల డబ్బీలన్నీ దాని నకళ్ళే. అట్టపెట్టె మీద వెర్షన్ 1.5 అనో 2.1 అనో గొప్పగా రాస్తారు. 1.5 అనే వెర్షన్ అసలు కంపెనీ విడుదలే చేయలేదట! అయినా నకిలీల్లో ఆ 1.5 రకమే కాస్త నయమని, 2.1 అని రాసిన చాలావాటిలో కొన్ని కమాండ్లు పనిచేయవని మావాడు చెప్పాడు. మాకొచ్చింది 1.5. లేని వెర్షనే మా పని చేసిపెట్టింది.

మొదటిరోజు మావాడొక తప్పు చేశాడు, మీరు చేయకండి. కోడ్ చదివాడు, పీ 0299 అనే వచ్చింది, వెంటనే "క్లియర్ చేద్దాం మామా" అని నొక్కేశాడు. మీటర్లో లైటు ఆరింది, నాకూ సంతోషమేసింది. రాత్రి చదువుకుని వచ్చి తల పట్టుకున్నాడు. కోడ్ పడిన క్షణాన ఇంజన్ ఎన్ని ఆర్పీఎం మీద ఉంది, ఎంత లోడులో ఉంది అన్నది కంప్యూటరు ఫోటో తీసినట్టు దాచిపెడుతుందట. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ నొక్కితే కోడ్‌తోపాటు అదీ పోతుంది. అంటే ఉన్న ఒక్క సాక్షినీ మేమే పంపించేశాం. మళ్ళీ ఘాట్ ఎక్కి తప్పును పట్టుకోవాల్సిందే.

పోయేముందు వాడు చేసిన తెలివైన పని ఒకటి చెప్పాలి. మండీలో నా స్నేహితుడిది ఇదే మోడల్ బండి, నిక్షేపంగా ఉంది. లోడు మీద అతను బయల్దేరేటప్పుడు మావాడు పుంగనూరు దాకా పక్కన కూర్చుని, నిండుగా తొక్కినప్పుడు ఏ రీడింగ్ ఎంతొస్తుందో రాసుకొచ్చాడు. 2,400 ఆర్పీఎం దగ్గర ఇంజన్లోకి పోయే గాలి ప్రెషరు 205 కిలోపాస్కల్. లోపలికి పీల్చే గాలి సెకనుకు 90 గ్రాములు. ఈ చీటీ లేకపోతే నా బండి నంబర్లు నాకు జాతకం చక్రంలాగే ఉండేవి.

ఆదివారం ఖాళీ బండితో చిత్తూరు దిగాం. అక్కడ పాతిక సిమెంటు బస్తాలు ఎత్తించాను. పలమనేరులో మా బావమరిది ఇల్లు కట్టుకుంటున్నాడు, అతనికి సిమెంటు, నాకు బరువు. ఇంజన్ ఆపి కీ మాత్రం వేసి చూస్తే ప్రెషరు రీడింగ్ 97. పొద్దున మదనపల్లెలో ఇదే రీడింగ్ 93 చూపించింది. మొదట డబ్బీ పిచ్చిదనుకున్నా. కాదట. ఇంజన్ ఆగి ఉంటే అది చూపించేది బయటి గాలి ఒత్తిడి. మద్రాసులో 101 దాకా ఉంటుంది, మదనపల్లె ఏడొందల మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ తగ్గుతుంది. ఊరిని బట్టి సరిగ్గా మారుతోందంటే సెన్సారు అబద్ధం చెప్పడం లేదని అర్థం. అనుమానితుల్లో ఒకడు అక్కడికక్కడే తప్పుకున్నాడు.

బంగారుపాళ్యం దాటాక మూడో గేరు, 2,400, నిండుగా తొక్కాను. వాడు ఫోను చూసి అరుస్తున్నాడు.

"నూట పది... నూట ఇరవై... నూట ఇరవై ఎనిమిది. ఆగిపోయింది మామా, ఎక్కడంలేదు."

"డీజిల్?"

"రైల్ ప్రెషరు పదమూడొందల బార్. గట్టిగా నిలబడింది."

రైల్ ప్రెషరంటే ఇంజన్‌కి డీజిల్ కొట్టే ఒత్తిడి. డీజిల్ అందకపోతే అది పడిపోవాలి. పడలేదు. నేను 1,100 పెట్టి మార్చిన ఫిల్టర్‌కు దీంతో ఏ సంబంధమూ లేదని ఆ మలుపులో తెలిసింది. మరి గాలి? సెకనుకు 88 గ్రాములు. స్నేహితుడి బండికి 90, నాకు 88, దాదాపు సమానం. అంటే గాలి ఫిల్టర్ మూసుకుపోలేదు, టర్బో గాలిని బాగానే లాగుతోంది. ప్రెషరు మాత్రం 205 రావాల్సిన చోట 128. లాగిన గాలి ఎటు పోతోంది?

సరిగ్గా అప్పుడే పవరు కోసేసింది. లైటు వెలిగింది. ఈసారి మావాడు క్లియర్ నొక్కలేదు, బుద్ధిగా ఫ్రీజ్ ఫ్రేమ్‌ని స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు. మళ్ళీ కీ వేసి కదిలాం. ఎడమ పక్క కొండను కోసిన గోడ దగ్గరగా వచ్చే మలుపొకటుంది. అద్దాలు దించి అక్కడ తొక్కితే ఆ బండకు తగిలి తిరిగొచ్చింది ఒక చప్పుడు. బుస్స్‌మని, సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. కాలు తీస్తే లేదు, తొక్కితే ఉంది. ఇన్నాళ్ళూ అద్దాలు మూసి, పాటలు పెట్టుకుని ఎక్కాను ఈ ఘాట్.

బావమరిది ఇంట్లో సిమెంటు దించి, భోంచేసి, మర్నాడు మండీ వెనక చింతచెట్టు కింద షెడ్డుకు పోయాం. బోర్డు లేదు. భాయ్ అంటే అందరికీ తెలుసు. పేరు రాయొద్దన్నాడు, ఫోన్లు ఎక్కువైతే పని సాగదట. అరవై దాటిన మనిషి, ముందు పొగ రంగు అడిగాడు. నలుపని చెబితే, "నీలంగా ఉంటే నేనూ టర్బో అనేవాణ్ణేమో" అన్నాడు. మావాడు నంబర్లన్నీ చదివి వినిపించాడు. భాయ్‌కి కిలోపాస్కల్‌తో పనిలేదు. రెండు మాటలు పట్టుకున్నాడు: గాలి లోపలికి వస్తోంది, ప్రెషరు కావడం లేదు.

"గాలి లోపలికి పోతా ఉండాది, ఇంజన్‌కి చేరడంల్యా. నడిమధ్యలో యాడనో తినేస్తా ఉండాడు నాయనా."

గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు హోస్ పైపు ఉంటుంది, చేతి మణికట్టంత లావు. పైన చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది. భాయ్ దాని కింది పక్కకు చెయ్యి పోనిచ్చి, వేళ్ళు బయటికి తీసి చూపించాడు. ఆయిలూ దుమ్మూ కలిసిన నల్లటి జిడ్డు. "గాలి పోయే చోట ఆయిల్ వాసన తగులుతాది" అన్నాడు. క్లాంపు వదులు చేసి పైపు బయటికి తీసి నా ముఖం ముందర రెండు చేతులతో వంచాడు. అంగుళంన్నర చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుంది, గీత కూడా కనపడదు. పక్కనున్న ఇనప బద్దకు రాసుకుని రాసుకుని అరిగిందట. బండి ఆగి ఉన్నప్పుడు, ఐడిల్లో ఉన్నప్పుడు ఆ నోరు మూసుకునే ఉంటుంది. టర్బో నిండుగా ఊదినప్పుడు, అంటే ఘాట్లోనే, తెరుచుకుంటుంది.

నల్ల పొగ లెక్క కూడా అప్పుడు అర్థమైంది. గాలిని కొలిచే సెన్సారు ముందుంది, చీలిక దాని తర్వాత. 88 గ్రాముల గాలి వచ్చిందని లెక్కేసుకుని కంప్యూటరు దానికి సరిపడా డీజిల్ కొట్టిస్తోంది. అందులో చాలా గాలి దారిలోనే పోతోంది. మిగిలిపోయిన డీజిల్ మాడి పొగగా వస్తోంది. మండీలో క్రేట్లు లెక్కపెట్టి డబ్బులిచ్చేశాక, దారిలో సగం కిందపడిపోయినట్టు.

భాయ్ అంతటితో వదల్లేదు. పైపు ఎలాగూ ఊడింది కదా అని టర్బో నోట్లోకి రెండు వేళ్ళు పెట్టి షాఫ్టు ఆడించాడు. పైకీ కిందికీ వెంట్రుకవాసి కదిలింది, ముందుకీ వెనక్కీ అసలు కదల్లేదు. రెక్కలకు దెబ్బల్లేవు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయించి టర్బో పక్కన కడ్డీ లోపలికి లాక్కుంటోందా లేదా చూశాడు. లాక్కుంది, అంటే వ్యాక్యూమ్ గొట్టం కూడా బాగుంది. "దీన్ని పారేసి నలభై ఆరు వేలు పెట్టేవోడివా?" అని నవ్వాడు. కొత్త టర్బో వేసినా ఆ పాత పైపే మళ్ళీ బిగించి ఉంటే పొగ పోయేది కాదు. అది తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుకు సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా చుట్టి మీద రెండు క్లాంపులేశాడు. మర్నాడు చిత్తూరు నుంచి కొత్త పైపు వచ్చింది, 1,350. కూలి 300. ఇనప బద్దకు తగలకుండా మధ్యలో పాత టైరు రబ్బరు ముక్క పెట్టాడు, దానికి డబ్బులు తీసుకోలేదు. తర్వాతి తిరుగు లోడుకు మొగిలిలో మూడో గేరు, 2,400 దగ్గర 204 చూపించింది. పొగ లేదు. కర్ణాటక లారీని నేనే దాటాను.

సర్వీస్ సెంటరు మీద నాకు పెద్ద కోపం లేదు. వాళ్ళ మెషిన్ చూపించిందీ ఇదే కోడ్. 649 రూపాయల డబ్బీ అంతకంటే తెలివైనదేమీ కాదు. ఆ మెషిన్ తగిలించి ఘాట్ దాకా ఎవరూ రాలేదు, అంతే తేడా.

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకు: సొంత బండి తోలుకునేవాళ్ళు కొనండి. కోడ్ చదివి మెకానిక్ ముందు పండితుడిలా నిలబడటానికైతే వద్దు, వాళ్ళకు చిర్రెత్తుతుంది. బండి బాగున్న రోజునే నిండు లోడు మీద రీడింగులు ఒకసారి రాసి పెట్టుకోండి. జబ్బు పడ్డాక పోల్చుకోవడానికి అందరికీ నా స్నేహితుడి లాంటివాడు దొరకడు. తోలేవాడు ఫోను చూడకూడదు, పక్కన ఇంకొకరు ఉండాల్సిందే, ఘాట్లో అయితే మరీ. నా డబ్బీ గంటకోసారి బ్లూటూత్ తెంచుకుంటుంది. నాలుగు రోజులు సాకెట్లోనే వదిలేస్తే బ్యాటరీ దిగింది. స్విచ్చి ఉన్న రకం దొరికితే వంద ఎక్కువైనా అదే తీసుకోండి. ఐదుకు మూడున్నర ఇస్తాను. మోకాలికి తగలకుండా ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ణి.

ఇంకొక సంగతి. మొన్న బావమరిది ఫోన్ చేశాడు, తన పికప్పు కూడా లాగడం లేదని. అతనిది 2021 బండి, బీఎస్6. మావాడు డబ్బీ పట్టుకుని పలమనేరు పోయి తగిలిస్తే పీ 2463 వచ్చింది. సైలెన్సర్లో మసిని పట్టే ఫిల్టర్ నిండిపోయిందని అర్థమట. ఇల్లు కట్టడం మొదలెట్టినప్పటి నుంచి ఆ బండి ఊళ్ళోనే ఇసుకకూ కంకరకూ రెండేసి కిలోమీటర్లు తిరుగుతోంది. ఆ ఫిల్టర్ బాగా కాగి మసిని కాల్చుకోవాలంటే హైవే మీద ఆగకుండా కొంతసేపు పోవాలి, ఆ అవకాశమే రాలేదు. లైటు వెలిగిన మొదటి రోజుల్లో చిత్తూరు దాకా ఒకసారి పోయి వచ్చుంటే సరిపోయేదేమో. ఇప్పుడు కంపెనీ మెషిన్‌తో కాల్పించాల్సిందే. నా డబ్బీ చదవగలదు గానీ ఆ పని చేయించలేదు.

భాయ్‌కి ఫోన్ చేసి అడిగితే, "అది నా పని గాదు, సర్వీస్ సెంటరుకే పొమ్మను" అన్నాడు. పోయారు. మధ్యాహ్నానికల్లా చేసిచ్చారు, ఎస్టిమేట్‌లో టర్బో ఊసే లేదు. బావమరిది మాత్రం డబ్బీ ఇంకా వెనక్కి పంపలేదు.